కట్ట విప్పితే పది

ఒకటో తరగతి చదివే పిల్ల చేతికి పలక ఇచ్చి ఇరవై ఐదు రాయమనండి. చాలామంది ముందు 20 వేస్తారు, దాని పక్కన 5 పెడతారు. పలక మీద రెండువందల ఐదు తేలుతుంది. అడవులదీవి అయినా, రేపల్లె అయినా, తెనాలి అయినా పెద్దవాళ్లు ఆ పలక చూడగానే తప్పు అంటారు. చెరిపేసి 25 వేసి చూపిస్తారు, పదిసార్లు దిద్దమంటారు. పిల్ల దిద్దుతుంది. మర్నాడు ముప్పై ఏడు అడిగితే మళ్లీ 307 వేస్తుంది. ఈ తప్పు దగ్గర కాస్త ఆగి చూస్తే ఇందులో అజాగ్రత్త లేదని తెలుస్తుంది, మందబుద్ధి అసలే లేదు. మనం ఇరవై అన్నాం, ఆ వెంటనే ఐదు అన్నాం. ఇరవై ఎలా రాయాలో ఆ పిల్లకు తెలుసు, ఐదు ఎలా రాయాలో తెలుసు. విన్న వరసలో రెండూ రాసింది. ఏమీ తెలియని పిల్ల 205 రాయలేదు, భాషను జాగ్రత్తగా విన్న పిల్లే రాస్తుంది. ఈ పూట నేను చెప్పదలచుకున్న సంగతి ఇక్కడే మొదలవుతుంది. రెండంకెల సంఖ్యల్లో స్థాన విలువ పిల్లలకు అందడం లేదంటే, మనం దాన్ని రాతతో మొదలుపెట్టడమే కారణమని నా వాదన. ముందు చేతిలో పది పుల్లల కట్ట, తర్వాత నోట్లో పేరు, ఆ రెండూ కుదిరాకే పలక మీద స్థానం. మన బళ్లలో, మన ఇళ్లలో ఈ వరస తలకిందులుగా ఉంది.

పాఠం సాధారణంగా ఎలా నడుస్తుందో చూడండి. బోర్డు మీద రెండు గళ్లు గీసి, ఒకదాని మీద పదులు, రెండోదాని మీద ఒకట్లు అని రాస్తారు. 25ను ఆ గళ్లలో విడగొట్టి, 2 స్థాన విలువ ఎంత, ముఖ విలువ ఎంత అని అడుగుతారు. పిల్ల తడుముకోకుండా ఇరవై అంటుంది, రెండు అంటుంది. మార్కులు పడతాయి. ఆ జవాబు వెనకాల ఎంత ఉందో తేల్చడానికి అమెరికాలో పనిచేసిన కాన్‌స్టాన్స్ కామీ అనే పరిశోధకురాలు 1980లలో పిల్లలతో ఒక చిన్న పని చేయించారు. పదహారు బిళ్లలు ముందు పెట్టి, కాగితం మీద 16 అని రాసి, అందులో 6 అంకెను చూపించి, ఇది ఈ బిళ్లల్లో ఎన్నో చూపించమంటే పిల్లలు ఆరు బిళ్లలు చూపించారు. తర్వాత 1 అంకెను చూపించి, మరి ఇదో అంటే చాలామంది ఒకే ఒక బిళ్ల చూపించారు. మిగిలిన తొమ్మిది బిళ్లలూ ఎవరికీ చెందకుండా అక్కడే పడి ఉన్నా వాళ్లకు ఇబ్బందిగా తోచలేదు. వాళ్లకు పదహారు అనే సంఖ్య తెలుసు, 16 అనే రాత తెలుసు. రాతలోని ఒకటి పది బిళ్లల మూటకు గుర్తు అన్న ముక్క మాత్రం తెలియదు. గళ్లలో అంకెలు సర్దడం ఎంత బాగా వచ్చినా ఈ ముక్క దానంతట అది రాదు.

ఇక్కడ అడగవలసిన ప్రశ్న చాలా చిన్నది. 25లో రెండు ఉంది సరే, ఏం రెండు? నిజాంపట్నం, అడవులదీవి పరిసరాల్లో రొయ్యల చెరువులున్న ఇంటి పిల్లలకు ఈ ప్రశ్న కొత్తేమీ కాదు. ముప్పై కౌంటు, వంద కౌంటు అని పెద్దవాళ్లు మాట్లాడుకోవడం వాళ్లు రోజూ వింటారు. వంద పెద్దది కదా, వంద కౌంటు రొయ్యకే ఎక్కువ ధర రావాలి కదా అనుకుంటే బోల్తా పడ్డట్టే. అది కిలోకు తూగే రొయ్యల లెక్క. సంఖ్య పెరిగితే రొయ్య చిన్నదవుతుంది, ధర తగ్గుతుంది. సంఖ్య ఎప్పుడూ ఒంటరిగా ఏమీ చెప్పదని, దేని లెక్కో తెలిస్తేనే దానికి అర్థమని ఆ పిల్లలకు చెరువు గట్టునే తెలిసిపోతుంది. స్థాన విలువ కూడా అంతే. ఎడమ పక్కన ఉన్న రెండు పుల్లల లెక్క కాదు, కట్టల లెక్క. ఈ మాట గళ్లు గీసి చెబితే ఒక నియమంలా వినిపిస్తుంది. రెండు కట్టలు చేతికిచ్చి చెబితే కళ్ల ముందున్న సంగతి అవుతుంది.

పేర్ల దగ్గరికి వస్తే తెలుగు పిల్లలు అదృష్టవంతులనే చెప్పాలి, ఆ అదృష్టాన్ని మనం వాడుకోకపోవడం వేరే విషయం. ఇరువది, ముప్పది, నలువది, అరువది అనే పాత రూపాలు చూడండి. ఇరువురు, ఇరుపక్కలా అనడంలో ఉన్న ఇరు, దాని తోక పట్టుకుని పది. ముమ్మారులో ఉన్న ము, దాని వెంట పది. నలుగురిలో ఉన్న నలు, దాని వెంట పది. వాడుకలో పది అరిగిపోయి ఇరవై, ముప్పై, నలభై అయింది గానీ ఎముకలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. డెబ్బైలో ఏడు సరిగ్గా వినపడదు, యాభైలో ఐదు కాస్త నక్కి కూర్చుంది, అది ఒప్పుకోవలసిందే. అయినా ఇరవై దాటాక తెలుగు లెక్క ఎక్కడా మెలిక తిరగదు. ఇరవై ఒకటి, ఇరవై రెండు అంటూ పదులు ముందు, ఒకట్లు వెనక, తొంభై తొమ్మిది దాకా ఒకే దారి. హిందీలో ఇలా కాదు. పచ్చీస్, పైంతీస్, పైంతాలీస్ అంటూ దాదాపు ప్రతి సంఖ్యకూ ఓ సొంత రూపం ఉంటుంది. ఇరవై తొమ్మిదిని ముప్పైకి ఒకటి తక్కువ అన్న అర్థంలో ఉన్‌తీస్ అంటారు. అంటే పేరులో ముప్పై వినిపిస్తుంది, రాతలో 2 కనిపిస్తుంది. తమిళంలో తొంభైని తొణ్ణూరు అంటారు, అందులో ఇంకా రాని నూరు ముందే వచ్చి కూర్చుంటుంది. ఇంగ్లిషులో పదమూడును మూడు-పది అన్నట్టు థర్టీన్ అని తిరగేసి పలుకుతారు. మనం పదమూడు అన్నప్పుడు పదే ముందొస్తుంది, రాతలో ఎడమ పక్కనున్న 1 లాగే.

ఈ పేర్ల తేడా పిల్లల మీద ఎంత పనిచేస్తుందో ఐరీన్ మియురా అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు 1980ల చివర్లో పరిశీలించారు. చైనా, జపాన్, కొరియా భాషల్లో పదకొండును పది-ఒకటి అని, నలభై రెండును నాలుగు-పది-రెండు అని విప్పి పలుకుతారు. ఆ భాషల ఒకటో తరగతి పిల్లలకూ, ఇంగ్లిషు మాట్లాడే పిల్లలకూ ఒకే రకం చెక్క దిమ్మెలు ఇచ్చారు. కొన్ని చిన్న దిమ్మెలు, కొన్ని పదేసి కలిపిన పొడుగు దిమ్మెలు. నలభై రెండు చూపించమంటే ఇంగ్లిషు పిల్లల్లో ఎక్కువమంది చిన్న దిమ్మెలు ఒక్కొక్కటే లెక్కపెడుతూ నలభై రెండు పేర్చారు. తూర్పు దేశాల పిల్లల్లో ఎక్కువమంది నాలుగు పొడుగువి, రెండు చిన్నవి తీశారు. నార్వేలో అయితే ఏకంగా పార్లమెంటే పూనుకుని, ఒకట్లు ముందు పలికే పాత లెక్కను మార్చి పదులు ముందు పలకాలని నిర్ణయించింది, 1951లో అది అమల్లోకి వచ్చింది. టెలిఫోను నంబర్లు చెప్పేటప్పుడు జరిగే పొరపాట్లు దానికొక కారణం. ఇన్నేళ్లు గడిచినా అక్కడి జనం ఇంటా వీధిలో పాత వరస పూర్తిగా మానలేదట. పార్లమెంటు పూనుకుని తెచ్చుకున్న సౌకర్యం మనకు తాతముత్తాతల నుంచీ ఊరికే దక్కింది.

దీనికో గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటేయడం న్యాయం కాదు. తూర్పు దేశాల పిల్లలు లెక్కల్లో ముందుండటానికి పేర్లే కారణమని ఎలా చెప్పగలం? అక్కడ ఇళ్లలో పెద్దలు పెట్టే శ్రద్ధ, బడిలో ఇచ్చే సాధన, ఉపాధ్యాయుల శిక్షణ, ఇవన్నీ వేరు కదా? నిజమే. అంతకన్నా పెద్ద సాక్ష్యం మన ఇంట్లోనే ఉంది. పేర్లే చాలేటట్టయితే తెలుగు పిల్లలకు ఈ పాఠం నల్లేరు మీద బండి నడకలా సాగిపోవాలి. సాగడం లేదు. పల్లెల్లో ఇంటింటికీ తిరిగి పిల్లల చదువును పరీక్షించే అసర్ సర్వేలో రెండంకెల తీసివేత ఒకటి ఉంటుంది, ఒకట్ల స్థానంలో పై అంకె చిన్నదై, పదులు విడగొట్టుకోవలసిన తీసివేత. 2024 నివేదిక ప్రకారం దేశం మొత్తం మీద పల్లెల్లోని మూడో తరగతి పిల్లల్లో దాదాపు మూడో వంతే ఆ తీసివేత చేయగలిగారు. కాబట్టి పేరు అవసరమే గానీ, పేరు దేనికి పేరో చేతికి తెలియకపోతే అది ఉత్త శబ్దం. ఇరు, పది అని మనకు వినిపిస్తుంది, ఎందుకంటే రెండు పదులంటే ఏమిటో మనకు ముందే తెలుసు. ఆరేళ్ల పిల్లకు ఇరవై అంటే పంతొమ్మిది తర్వాత వచ్చే మాట, అంతే.

ఆ చేతి తెలివి ఒకప్పుడు బడికి రాకముందే కొంత పిల్లలకు అబ్బేది. కృష్ణా డెల్టా పల్లెల్లో ధాన్యం కొలిచేటప్పుడు రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. ఊరూరికీ పాత్ర పరిమాణం కాస్త మారేదేమో గానీ లెక్క నడిచే తీరు ఇదే. నాలుగు మానికలు పోస్తే కుంచం నిండటం పిల్ల కళ్లారా చూసేది. నాలుగు చిన్నవి ఒక పెద్దది అయ్యాయి, ఇప్పటి నుంచి ఆ పెద్దదాన్నే ఒకటి అని లెక్కపెడుతున్నారు అన్న సంగతి అక్కడ దాచి ఉండేది కాదు. అడవులదీవికి కూతవేటు దూరంలో ఉన్న నిజాంపట్నం రేవుకు 1611లో ఇంగ్లిషు కంపెనీ వాళ్ల గ్లోబ్ అనే ఓడ వచ్చింది. వాళ్ల రాతల్లో ఆ రేవు పేరు పెటపొలి. ఈ తీరంలో వాళ్లు కొన్న గుడ్డలను లెక్కపెట్టింది ఇరవైల మీదే. ఇరవై గుడ్డల మూటకు తెలుగులో ఖోర్జం అనే మాట ఉండేది. ఇరవై తానులు కలిపి మూట కడితే లెక్కలోకి మూటే వస్తుంది, విప్పితేనే మళ్లీ తానులు. వరికోతల్లో పనలు కట్టలవుతాయి, కట్టలు కుప్పలవుతాయి. ఇదంతా స్థాన విలువ అని నేను అనడం లేదు. స్థానానికి ముందు మెట్టు ఇది, అనేకాన్ని ఒకటిగా పట్టుకోవడం.

అయితే పాత కొలతలు తిరిగి రావాలా అని ఎవరైనా అడిగితే, వద్దే వద్దు. నాలుగు ఒకచోట, ఇరవై ఒకచోట, రూపాయికి పదహారు అణాలు, అణాకు పన్నెండు పైలు, మణుగుకు ఎనిమిది వీశలు. ఇంత తికమకతో లెక్కలు చేసిన మన పెద్దలకు చేతులెత్తి మొక్కాలి గానీ, వాళ్ల కష్టాన్ని మనవలకు అంటగట్టనక్కర్లేదు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి, ఆ తర్వాత కొన్నేళ్లకే మీటర్లు, కిలోలు, లీటర్లు వచ్చాయి. అన్నిచోట్లా పది, వంద, వెయ్యి అనే ఒకే లెక్క. ఇది పెద్ద వరం. ఆ వరంతో పాటు ఒక నష్టం కూడా వచ్చింది. కొలిచే పని కంటికి కనిపించకుండా పోయింది. దుకాణంలో కాటా మీద ఎర్రటి అంకెలు వెలుగుతాయి, పప్పు ప్యాకెట్టులో వస్తుంది, డబ్బులు ఫోనులో వెళ్లిపోతాయి. దశాంశ పద్ధతి దేశమంతా నిండిన రోజుల్లోనే, పది కలిసి ఒకటి కావడం చూసే వీలు పిల్లకు లేకుండా పోయింది. ఇప్పుడు ఆ బాధ్యత పూర్తిగా బడి మీద పడింది. బడి మాత్రం ఇంకా పిల్లలకు అది ఇంటి దగ్గరే వచ్చేసిందన్నట్టు నేరుగా గళ్లు గీస్తోంది.

కాబట్టి చేయవలసింది ఏమిటంటే కట్టలు కట్టించడం. దీనికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ఈ డెల్టా ప్రాంతంలో కొబ్బరి చీపురు లేని ఇల్లు ఉండదు. పాత చీపురు విప్పి పుల్లలను సమానంగా తుంపితే తరగతి మొత్తానికి సరిపోతాయి. కట్టడానికి రబ్బరు బ్యాండు లేకపోతే అరటి నార ఉంది, కొల్లిపర దాకా అరటితోటలే కదా. మెలకువ ఒకటే, కట్ట పిల్లే కట్టాలి. కొని తెచ్చిన ప్లాస్టిక్ కిట్‌లో పదేసి అతికించిన కడ్డీలు వస్తాయి, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. అవి విడిపోవు. విడిపోని కడ్డీని పది అని పిల్ల మన మాట మీద నమ్మాల్సిందే. తను పది పుల్లలు లెక్కపెట్టి, నార చుట్టి, ముడి వేసిన కట్టను ఎవరి మాట మీదా నమ్మక్కర్లేదు. అనుమానం వస్తే విప్పి చూసుకుంటుంది. మొదటి వారం రోజుకు పదిసార్లు విప్పి చూస్తుంది కూడా, చూడనివ్వాలి. విప్పడం మానేసి, కట్ట చూడగానే పది అన్న రోజున ఆ పిల్ల మనసులో ఒక పెద్ద పని జరిగిపోయిందన్నమాట.

డబ్బులున్నాయి కదా, ఈ పుల్లల గొడవ ఎందుకు అనేవాళ్లున్నారు. పది రూపాయల నోటు, ఒక రూపాయి బిళ్ల పిల్లలకు ఎటూ తెలిసినవే, వాటితోనే చెప్పొచ్చు గదా అంటారు. చెప్పొచ్చు, అయితే తర్వాత. నోటులో పది రూపాయలు లేవు, దాన్ని విప్పితే ఏమీ రాదు, చింపితే అంతకన్నా రాదు. దుకాణదారు ఒప్పుకుంటేనే అది పది. పది రూపాయల బిళ్ల చెల్లుతుందని రిజర్వు బ్యాంకు ఎన్నిసార్లు చెప్పినా మన ఊళ్లలో ఎంతమంది తీసుకోకుండా తిప్పి పంపారో తెలిసిందే. కట్ట అలా కాదు, ఒకరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా అందులో పది పుల్లలుంటాయి. పూసల చట్రం గురించీ ఇదే మాట. పదుల తీగ మీది పూసకూ ఒకట్ల తీగ మీది పూసకూ తేడా తీగే తప్ప పూసలో లేదు. అంటే స్థానం అప్పటికే అర్థమైన పిల్లకే ఆ చట్రం పనికొస్తుంది. ఇంకొందరు వేరే భయం చెబుతారు, పుల్లలకు అలవాటు పడితే పిల్లలు పెద్దయ్యాక కూడా పుల్లలు లేకుండా లెక్క చేయలేరని. పుల్లలు ఎప్పుడు తీసేయాలో తెలియని చోట ఆ భయం నిజమే అవుతుంది. మధ్యలో ఒక మెట్టు ఉంచితే చాలు. కట్టకు బదులు పలక మీద నిలువు గీత, పుల్లకు బదులు చుక్క. రెండు గీతలు, ఐదు చుక్కలు వేసి ఇరవై ఐదు అనగలిగిన పిల్లకు ఇక పుల్లలతో పని లేదు.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలన్నది ఉపాధ్యాయులు ఎక్కువగా కాదనే విషయం. తొమ్మిది అయ్యాక పది, పది అయ్యాక పదకొండు, పన్నెండు, పంతొమ్మిది దాకా ఒక పాఠం, ఆ తర్వాత ఇరవైలు. ఇదే పుస్తకాల వరస. తెలుగులో అన్నిటికన్నా మసకగా ఉన్న పేర్లు సరిగ్గా పదకొండు నుంచి పంతొమ్మిది దాకా ఉన్న ఈ తొమ్మిదే. పదకొండులో ఒకటి ఒండుగా మారి దాక్కుంది, పన్నెండులో పది సగం విరిగింది, పద్ధెనిమిది, పంతొమ్మిది పిల్లల నాలుక మీద ఇమడక అటూ ఇటూ అవుతాయి. పైగా ఇక్కడున్నది ఒకే కట్ట. ఒకే కట్ట ఉన్నప్పుడు కట్టలు లెక్కపెట్టవలసిన పనే రాదు. అందుకని నేననేది, కట్టల పని ఇరవై, ముప్పై, నలభై లాంటి సంఖ్యలతో మొదలుపెట్టండి. రెండు కట్టలు, రెండు పదులు, ఇరవై. మూడు కట్టలు, మూడు పదులు, ముప్పై. మూడు కట్టలూ నాలుగు పుల్లలూ, ముప్పై నాలుగు. ఇవన్నీ నోటికి వచ్చాక వెనక్కి వచ్చి, ఒక కట్టా ఒక పుల్లా, దీన్ని మాత్రం మనవాళ్లు పదకొండు అంటారు అని చెబితే పిల్ల నవ్వుకుంటుంది, ఇది కాస్త వంకర పేరని తెలుసుకుంటుంది. వరస తప్పించడం అపచారం కాదా అంటే, లెక్కపెట్టే వరసను ఎవరూ తప్పించడం లేదు. ఒకటి నుంచి వంద దాకా నోటితో పాడించడం పాడించడమే. కట్టల పాఠాన్ని ఆ పాట వెంట నడిపించాలన్న నియమం మాత్రం ఎక్కడా లేదు.

రాతకు ఇప్పుడు వద్దాం, మొదట్లో వదిలేసిన 205 దగ్గరికి. కట్టకు స్థానంతో పని లేదు. రెండు కట్టలు ఎడమ పక్కన పెట్టినా కుడి పక్కన పెట్టినా ఇరవయ్యే. మాటకూ స్థానంతో పెద్ద పని లేదు, ఇరవై అనే మాటే పదులని చెప్పేస్తుంది. స్థానం అవసరమయ్యేది రాతలో మాత్రమే, ఎందుకంటే అంకెల రాతలో కట్టకు వేరే గుర్తు పెట్టుకోలేదు, అవే తొమ్మిది అంకెలు, ఒక సున్న. ఈ పొదుపు ఎంత గొప్పదో మన పూర్వులకు బాగా తెలుసు. పదకొండో శతాబ్దంలోనే పావులూరి మల్లన మహావీరాచార్యుడి సంస్కృత గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆ మహావీరుడు ఏకం, దశ, శతం అంటూ 24 స్థానాలకు పేర్లు పెట్టాడు, చివరిదాని పేరు మహాక్షోభ. మన పిల్లలకు రెండో స్థానంలోనే క్షోభ మొదలవుతోంది. దానికి సులువైన మందు ఉంది. పొడుగాటి అట్టముక్క మీద 20 అని, దానిలో సగం వెడల్పున్న ముక్క మీద 5 అని రాసి, 5ను తెచ్చి సరిగ్గా 20లోని సున్న మీద కప్పాలి. 25 కనిపిస్తుంది. పైముక్క ఎత్తితే ఇరవై కిందే ఉంది, ఎక్కడికీ పోలేదు. మరియా మాంటిస్సోరి తన బళ్లలో వాడిన చీటీలు ఇలాంటివే. ఆమె 1939లో మద్రాసు అడయారుకు వచ్చి మన దేశపు ఉపాధ్యాయులెందరికో స్వయంగా శిక్షణ ఇచ్చారు. ఎనభై ఏళ్లు దాటినా అట్టముక్కల ఖర్చు పెద్దగా పెరగలేదు. 205 రాసిన పిల్లకు ఈ చీటీలు చూపిస్తే తను విన్నది ఒప్పేనని, రాసేటప్పుడు ఐదు వెళ్లి సున్న ఖాళీలో కూర్చోవాలని తెలుస్తుంది. తప్పు అని చెరిపేయడానికీ దీనికీ చాలా దూరం ఉంది.

తీసివేతలో మనం వాడే మాట ఒకటి నాకు మొదటి నుంచీ నచ్చదు, అది అప్పు. నలభై రెండులోంచి పదిహేడు తీయాలి. రెండులోంచి ఏడు పోదు కాబట్టి నాలుగు దగ్గర ఒకటి అప్పు తెచ్చుకో అంటాం. అప్పు తెచ్చుకున్న పిల్ల దాన్ని ఎప్పుడూ తీర్చదు, అడిగేవాడూ ఉండడు. లోకంలో ఇంత హాయైన అప్పు లెక్కల పుస్తకంలోనే దొరుకుతుంది. పైగా తెచ్చింది ఒకటి, ఇంటికి రాగానే పది ఎలా అయింది? ఈ మాయ అర్థం కాని పిల్లలు ఎక్కువగా చేసే పని పెద్దదాంట్లోంచి చిన్నదాన్ని తీసేయడం. ఏడులోంచి రెండు పోతే ఐదు, నాలుగులోంచి ఒకటి పోతే మూడు, జవాబు 35. కట్టలతో చేసిన పిల్ల ఈ తప్పు చేయడం కష్టం. నాలుగు కట్టలూ రెండు పుల్లలూ ఉన్నాయి, ఏడు పుల్లలు ఇవ్వాలి, చేతిలో రెండే ఉన్నాయి. ఎవరూ చెప్పక్కర్లేదు, తనే ఒక కట్ట ముడి విప్పుతుంది. ఇప్పుడు మూడు కట్టలూ పన్నెండు పుల్లలూ. ఏడు పుల్లలు ఇచ్చింది, ఒక కట్ట ఇచ్చింది, రెండు కట్టలూ ఐదు పుల్లలూ మిగిలాయి. ఇందులో అప్పూ లేదు, మాయా లేదు. కూడికలో చేతిలో ఒకటి అంటాం చూడండి, ఆ మాట మాత్రం బాగుంది. పది పుల్లలు కూడితే కట్టి పట్టుకున్న కట్టే ఆ చేతిలో ఉన్న ఒకటి.

కొందరు పెద్దవాళ్లు, మేం ఎక్కాలు బట్టీ పట్టి పైకి రాలేదా, ఇన్ని కట్టలు కట్టించారా మాకు అంటారు. ఎక్కాలు పట్టవలసిందే, వాటి మీద నాకే ఫిర్యాదూ లేదు. ఏడెనిమిదులు యాభై ఆరు అన్నది నోటి చివర ఉండాలి. ఆ యాభై ఆరులో ఐదు కట్టలున్నాయని తెలిస్తే ఆ ఎక్కం ఇంకా ఎక్కువ పనిచేస్తుంది, అంతే తేడా. పైగా ఆ రోజుల్లో ఎక్కాలతో పైకి వచ్చినవాళ్లే ఇప్పుడు మాట్లాడుతున్నారు, మూడో తరగతిలోనే పలక పక్కన పెట్టి పొలానికో వలకో వెళ్లినవాళ్లు ఈ వాదనలో కనిపించరు. పాఠానికి సమయం చాలదన్న అభ్యంతరానికి ఇంకా తేలికైన సమాధానం ఉంది. 2021లో మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం ఒకటో తరగతి చివరికి పిల్లలు 99 దాకా సంఖ్యలు చదివి రాయగలగాలని పెట్టుకుంది. ఏడాది పొడుగునా తొంభై తొమ్మిది సంఖ్యలు. కట్టలకు మూడు వారాలు ఇచ్చినా మిగిలిన నెలలు మిగిలే ఉంటాయి.

ఇంగ్లిషు మీడియం సంగతి మాత్రం ఇంత తేలిగ్గా తేలదు. ఇప్పుడు ప్రభుత్వ బళ్ల పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిషు. తల్లిదండ్రులకు ఇంగ్లిషు కావాలి, ఆ కోరికను తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. థర్టీన్, థర్టీ అని ఒకసారి పైకి అని చూడండి. ఫోర్టీన్, ఫోర్టీ. నైన్‌టీన్, నైన్‌టీ. ఇంట్లో ఇంగ్లిషు వినని పిల్ల చెవికి ఆ చివరి తేడా పట్టడం కష్టం, ఆ తేడాలోనే సంఖ్య మొత్తం ఉంది. పదమూడుకూ ముప్పైకీ, పద్నాలుగుకూ నలభైకీ మధ్య అలాంటి పోలికే లేదు. కాబట్టి కట్టల పాఠం తెలుగులో జరగాలి, అది అయ్యాక ఆ కట్టలకే ఇంగ్లిషు పేర్లు చెప్పాలి. ముందు తెలుగులో నేర్చుకుంటే ఇంగ్లిషు వెనకబడుతుందన్న భయం ఇక్కడ చెల్లదు. కట్ట రెండు భాషల్లోనూ ఒకటే, దాన్ని రెండోసారి కట్టక్కర్లేదు.

ఈ మాటలు వింటున్నవాళ్లలో ఆరేడేళ్ల పిల్లలున్న ఇళ్లవాళ్లు ఈ రాత్రి అన్నాలయ్యాక పదహారు చింతగింజలు తీసి చాప మీద పోయండి. పలక మీద 16 రాయించండి. ఆరు మీద వేలు పెట్టి, ఇవి ఏ గింజలమ్మా అని అడగండి. తర్వాత ఒకటి మీద వేలు పెట్టి అదే అడగండి. పిల్ల పది గింజలు ఒకచోటికి జరిపితే సరే, మీకు పని లేదు. ఒక్క గింజ తీసి చూపిస్తే కోప్పడకండి, గట్టిగా చెప్పకండి, పలక చెరపకండి. గింజలు డబ్బాలో వేసేసి, పొద్దున్నే పాత చీపురు ఒకటి విప్పండి.